హాస్టల్ నెట్‌లో దొంగ ఐపీలు: స్నూపింగ్ ఆన్ చేయగానే బ్లాకంతా ఎందుకు ఆగిపోయింది?

ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తా, కొత్తగా చదివేవాళ్లకి అర్థమవ్వాలి కదా. అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేరి రెండేళ్లయిన తమ్ముడు అడిగాడు. హాస్టల్లో రాత్రి తొమ్మిది దాటాక కొందరి ల్యాప్‌టాప్‌లకి 192.168.0 తో మొదలయ్యే ఐపీ (నెట్‌వర్క్‌లో మెషిన్‌కి ఉండే అడ్రస్) వస్తోంది, వాళ్లకి నెట్ రావడం లేదు. ఆ కాలేజీలో వాడే ఐపీలన్నీ 10 తో మొదలయ్యేవే. ఇంకో పక్క ల్యాబ్‌లో ఎవడో పరీక్ష సర్వర్ ఐపీనే తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకున్నాడు, ఇంటర్నల్ పరీక్ష మధ్యలో అరగంట ఆగింది. మరో రోజు గేట్‌వే (బయటి నెట్‌కి దారి చూపే రౌటర్) మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబరు) ఉన్నట్టుండి మారిపోయింది. ఇవన్నీ ఆపుదామని సిస్కో స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్, ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ రెండూ ఒకే రోజు ఆన్ చేశాడు. డీహెచ్‌సీపీ అంటే మెషిన్లకి ఐపీలు పంచే పద్ధతి, ఏఆర్‌పీ అంటే ఒక ఐపీ ఏ మ్యాక్‌దో అడిగి తెలుసుకునే పద్ధతి, ఆ రెండిట్లో జరిగే మోసాల్ని ఆపే స్విచ్ ఫీచర్లు ఇవి. కాసేపట్లోనే బ్లాకు మొత్తానికి నెట్ పోయింది. హెచ్‌ఓడీ సార్ చేత తిట్లు తిని అన్నీ తీసేశాడు. "అన్నా, ఇది అసలు పనిచేసేదేనా?" అని అడుగుతున్నాడు.

పనిచేస్తుంది తమ్ముడూ. నువ్వు చేసిన తప్పే నేనూ చేశా, కర్నూలులో, అదీ ఒక ఆసుపత్రిలో. ఆ సంగతి కాస్త ఆగి చెప్తా.

నీ మూడు సమస్యలూ ఒకటి కాదు. మొదటిది దాడి కాదు. ఎవడో పిల్లోడు ఇంటి నుంచి వైఫై రౌటర్ తెచ్చుకున్నాడు, గోడలోంచి వచ్చే కేబుల్‌ని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) పెట్టకుండా ల్యాన్ పోర్టులో (లోపలి మెషిన్లు తగిలించేది) పెట్టాడు. అంతే. ఆ రౌటర్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది కాబట్టి అది రూములోవాళ్లతో పాటు ఆ వీల్యాన్‌లో (స్విచ్‌లలో విడదీసి పెట్టిన ఒక ముక్క నెట్‌వర్క్) ఉన్నవాళ్లందరికీ ఐపీలు పంచుతుంది. ల్యాప్‌టాప్ "నాకు ఐపీ ఎవరిస్తారు?" అని అడిగినప్పుడు ముందుగా వచ్చిన జవాబునే మామూలుగా పట్టుకుంటుంది. మీ అసలు సర్వర్ ఎక్కడో అడ్మిన్ బ్లాకులో ఉంది, రౌటరేమో పక్క రూములో ఉంది. ఎవరి జవాబు ముందొస్తుందో చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిదికే ఎందుకంటావా, మెస్‌లో భోంచేసి రూముకొచ్చి స్విచ్ వేసేది అప్పుడే.

వాడిని పట్టుకోవడం తేలిక. తప్పుడు ఐపీ వచ్చిన ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ ఆల్ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ చూడు. అది 192.168.0.1 అనుకో, దానికి ఒక పింగ్ కొట్టి, ఏఆర్‌పీ పట్టికలో దాని మ్యాక్ చూసి, ఆ మ్యాక్ ఏ పోర్టు మీద ఉందో స్విచ్‌ని అడుగు. షో మ్యాక్ అడ్రస్-టేబుల్ అడ్రస్ అని కొట్టి మ్యాక్ ఇస్తే పోర్టు నంబరు చెప్పేస్తుంది. పోర్టు తెలిస్తే రూము తెలిసినట్టే, అదీ మీ ప్యాచ్ ప్యానెల్ (రూముల కేబుళ్లన్నీ వచ్చి చేరే పలక) మీద లేబుళ్లు సరిగ్గా ఉంటే. లేకపోతే ముందు ఆ పని చెయ్యి. మన దిక్కు చాలా కాలేజీల్లో అవే ఉండవు.

ఇక పరీక్ష సర్వర్ ఐపీ పెట్టుకున్నవాడు తెలిసి చేశాడో తెలియక చేశాడో చెప్పలేం. గేట్‌వే మ్యాక్ మారడం మాత్రం అనుమానించాల్సిందే. పక్కోడి నెట్ కట్ చేసి తన స్పీడు పెంచుకునే యాప్‌లు ఫోన్లలో దొరుకుతాయి, అవి చేసేది ఇదే.

ఎందుకు అంత సులువు? ఏఆర్‌పీ అన్నది 1982 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 826 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాలు) గా వచ్చింది. అప్పట్లో ఒక నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. పోస్ట్‌మ్యాన్ వీధి మొదట్లో నిలబడి "ఫలానా సుబ్బారెడ్డి ఎవరండీ?" అని కేకేసి, "నేనే" అన్నవాడి చేతిలో కవరు పెట్టి పోయినట్టు ఉంటుంది దాని పని. ఆధార్ చూపించమని అడగడు. ఇంకా ఘోరం ఏంటంటే, పోస్ట్‌మ్యాన్ అడగకముందే ఎవడైనా వెళ్లి "ఇకమీదట సుబ్బారెడ్డి ఉత్తరాలన్నీ నాకే ఇవ్వు" అన్నా చాలా మెషిన్లు సరేనని రాసుకుంటాయి. అందుకే ల్యాబ్‌లో ఒకడు "గేట్‌వే నేనే" అని సెకనుకోసారి అరుస్తుంటే మిగతా యాభై మందీ వాడికే డేటా పంపుతారు. వాడు దాన్ని చూసి ముందుకు పంపొచ్చు, మింగేయొచ్చు.

డీహెచ్‌సీపీ సంగతీ అంతే. నువ్వు సర్వర్‌వి అని రుజువేంటి అని క్లయింట్ (ఐపీ అడిగే మెషిన్) అడగదు.

కాబట్టి క్లయింట్లకి బుద్ధి చెప్పలేం, మధ్యలో ఉన్న స్విచ్‌కి చెప్పాలి. స్విచ్‌కి ఒక్క విషయంలో మాత్రం ఎవడూ అబద్ధం చెప్పలేడు. ఈ ఫ్రేము (డేటా ముక్క) ఏ పోర్టులోంచి లోపలికొచ్చింది అన్నదే ఆ విషయం. మ్యాక్ మార్చుకోవచ్చు, ఐపీ మార్చుకోవచ్చు, గోడలో ఉన్న తీగని మార్చలేడు. మనం చేసే కాపలా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

హాస్టల్ వార్డెన్ దగ్గర రిజిస్టర్ ఉంటుంది చూడు, పేరు, రూము నంబరు, ఎప్పటిదాకా ఉంటాడు అని. డీహెచ్‌సీపీ స్నూపింగ్ సరిగ్గా ఆ రిజిస్టరే రాస్తుంది. అసలు సర్వర్ ఐపీ ఇచ్చినప్పుడు పక్కనుండి విని, ఈ మ్యాక్‌కి ఈ ఐపీ ఇచ్చారు, ఈ వీల్యాన్, ఈ పోర్టు, లీజు (ఆ ఐపీ వాడుకునే గడువు) ఇంత అని రాసుకుంటుంది. దీన్ని బైండింగ్ టేబుల్ అంటారు. ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్, ఐపీ సోర్స్ గార్డ్ అనే రెండూ గేటు దగ్గర వాచ్‌మెన్‌లు. ఒకడు ఏఆర్‌పీ ప్రశ్నలు, జవాబులు మాత్రమే చూస్తాడు, రెండోవాడు ప్రతి ఐపీ ప్యాకెట్ సోర్స్ అడ్రస్ చూస్తాడు. ఇద్దరూ రిజిస్టర్ తెరిచి చూసే లోపలికి వదులుతారు.

ఇప్పుడు నువ్వేం చేశావో చూడు. రిజిస్టర్ కొత్తగా కొన్నావు, లోపల ఒక్క పేరూ లేదు. అదే రోజు వాచ్‌మెన్‌ని నిలబెట్టి "రిజిస్టర్‌లో లేనివాణ్ని వదలొద్దు" అన్నావు. పొద్దున్నే ఐపీ తీసుకుని హాయిగా పనిచేసుకుంటున్న మూడొందల మందీ దొంగలైపోయారు.

నా కర్నూలు కథా అదే, కాకపోతే ఇంకో రకం. ఆసుపత్రి పేరు వద్దు. అక్కడ స్నూపింగ్ వారం ముందే ఆన్ చేశా, రిజిస్టర్ నిండింది, సంతోషం. మధ్యాహ్నం రెండింటికి ఓపీ తగ్గింది కదాని ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ వేశా. రెండు నిమిషాల్లో బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోన్, ప్రింటర్ రావట్లేదని. తర్వాత ఫార్మసీ. తర్వాత రక్త పరీక్షల మెషిన్ కంప్యూటర్‌కి రిపోర్టు పంపట్లేదని ల్యాబ్‌వాళ్లు. నాకు అప్పుడు వెలిగింది, వీటన్నిటికీ ఎప్పుడో ఎవరో చేత్తో ఐపీ పెట్టారు. అవి డీహెచ్‌సీపీని ఎప్పుడూ అడగలేదు, కాబట్టి రిజిస్టర్‌లో పేరు పడే అవకాశమే లేదు. వెనక్కి తీసేసి, బయటికొచ్చి టీ తాగి, మళ్లీ వెళ్లి ప్రతి ప్రింటర్ ఐపీ కాగితం మీద రాసుకున్నా.

అందుకే నా పద్ధతి ఇప్పుడు ఇలా ఉంటుంది. కమాండ్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకో.

మొదట ఒక్క స్విచ్, ఒక్క వీల్యాన్. నీ హాస్టల్ వీల్యాన్ 20 అనుకుందాం. ముందుగా అప్‌లింక్ పోర్టుని (పై స్విచ్ వైపు, సర్వర్ వైపు వెళ్లేది) నమ్మమని చెప్పు, ఆ తర్వాతే ఫీచర్ ఆన్ చెయ్యి. చాలామంది దీన్ని తిప్పి చేసి మధ్యలో ఆ కొద్దిసేపు అందరినీ ఆపేస్తారు.

ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/24
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ట్రస్ట్

తర్వాత గ్లోబల్‌గా

ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ వీల్యాన్ 20
నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్

ఆ మధ్య లైన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. నీకు నెట్ పోవడానికి రెండో కారణం ఇదే అయ్యుంటుందని నా గట్టి అనుమానం. సిస్కో స్విచ్‌లో స్నూపింగ్ ఆన్ చేయగానే క్లయింట్ పంపే డీహెచ్‌సీపీ ప్యాకెట్‌లో ఆప్షన్ 82 అని ఒక చీటీ తనంతట తనే అంటిస్తుంది. ఏ స్విచ్, ఏ పోర్టు నుంచి వచ్చిందో చెప్పే చీటీ అది, 2001 లో ఆర్‌ఎఫ్‌సీ 3046 గా వచ్చింది. మంచి ఉద్దేశమే. కానీ పైన కోర్ స్విచ్ (బ్లాకుల స్విచ్‌లన్నీ కలిసే పెద్ద స్విచ్) రిలేగా, అంటే క్లయింట్ మాటని వేరే వీల్యాన్‌లో ఉన్న సర్వర్‌కి మోసేదిగా, పనిచేస్తుంటే, "నువ్వు రిలేవి కాదు, మరి చీటీ ఎలా అంటించావు?" అని ఆ ప్యాకెట్‌ని పారేస్తుంది. కోర్‌లో కూడా స్నూపింగ్ ఉండి, కిందికొచ్చే పోర్టు నమ్మకం లేనిది అయితే అక్కడా పారేస్తుంది. ఎవరూ ఏ ఎర్రరూ చూపించరు. కొత్తగా ఐపీ అడిగినవాడికి జవాబు రాదు, సర్వర్ దొరకనప్పుడు మెషిన్ తనే పెట్టుకునే 169.254 తో మొదలయ్యే అడ్రస్ వచ్చి కూర్చుంటుంది. చీటీ నీకు నిజంగా అవసరమైతే కోర్‌లో ఆ వీల్యాన్ ఇంటర్‌ఫేస్ మీద ఐపీ డీహెచ్‌సీపీ రిలే ఇన్ఫర్మేషన్ ట్రస్టెడ్ పెట్టుకోవచ్చు. మీ కాలేజీకి అవసరం లేదు, తీసెయ్యి.

ఇంతటితో నీ మొదటి సమస్య తీరిపోయింది. నమ్మకం లేని పోర్టులోంచి వచ్చే ఆఫర్, యాక్ లాంటి సర్వర్ మాటల్ని స్విచ్ పారేస్తుంది. పిల్లోడి రౌటర్ వాడి రూములో వాడికి ఐపీలు పంచుకోవచ్చు గానీ గోడ దాటి బయటికి రాదు. నిజం చెప్పాలంటే హాస్టళ్లలో వచ్చే గోలలో ఎక్కువ భాగం ఈ ఒక్కదానితోనే తగ్గిపోతుంది. ఇంకేం చేయకపోయినా ఇది చెయ్యి.

ఇప్పుడు ఆగు. వాచ్‌మెన్‌ని పెట్టొద్దు. రిజిస్టర్ నిండనివ్వు.

ఎన్నాళ్లు? అది లీజు మీద ఉంటుంది. విండోస్ సర్వర్‌లో డీహెచ్‌సీపీ లీజు ఏం మార్చకపోతే 8 రోజులు. క్లయింట్ మామూలుగా సగం లీజు గడిచాక పొడిగించమని అడుగుతుంది, అంటే 4 రోజులకి. ముందు లీజుని 8 గంటలకి తగ్గించు, ఆ తర్వాత ఓ ఐదు రోజులు ఆగు. పాత లీజు ఉన్నవాళ్లు ఈలోపు ఒకసారైనా పొడిగించుకుంటారు, అప్పుడు స్విచ్ చూసి రాసుకుంటుంది. సెలవులకి ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి కేబుల్ పెట్టగానే మామూలుగా ఎలాగూ అడుగుతారు.

ఐదు రోజుల తర్వాత రెండు పట్టికలు పక్కపక్కన పెట్టుకో. ఒకటి షో మ్యాక్ అడ్రస్-టేబుల్ వీల్యాన్ 20, రెండోది షో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ బైండింగ్. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేని మ్యాక్‌లు ఏవో చూడు. అప్‌లింక్ మీద కనిపించేవి వదిలెయ్యి. మిగిలినవే నీ చేత్తో ఐపీ పెట్టిన సామాను, ప్రింటర్లు, సీసీ కెమెరా రికార్డర్, బయోమెట్రిక్ మెషిన్, ఎవడో తెలివైనవాడి ల్యాప్‌టాప్. ఈ పోలిక నేను కర్నూలులో ఒక్క గంట కూర్చుని చేసుంటే ఆ రోజు ఆ ఫోన్లు వచ్చేవి కావు.

ఈ సామాను సంగతి ఏం చేయాలి? సిస్కోలో ఏఆర్‌పీ యాక్సెస్ లిస్ట్ రాసి ఈ ఐపీకి ఈ మ్యాక్ అని చెప్పొచ్చు, లేదా ఐపీ సోర్స్ బైండింగ్ అనే కమాండ్‌తో మ్యాక్, వీల్యాన్, ఐపీ, పోర్టు ఇచ్చి రిజిస్టర్‌లో చేత్తోనే ఒక వరుస రాయొచ్చు. రెండూ పనిచేస్తాయి. నాకు మాత్రం రెండూ నచ్చవు. ప్రింటర్ పాడై కొత్తది వస్తే మ్యాక్ మారుతుంది, అప్పుడు స్విచ్‌లోకి వెళ్లి మార్చాలని గుర్తుండేది ఎవరికి? డీహెచ్‌సీపీ సర్వర్‌లోనే ఆ మ్యాక్‌కి అదే ఐపీ రిజర్వ్ చేసి, ప్రింటర్‌ని ఆటోమేటిక్‌లో పెట్టెయ్. రిజిస్టర్ తనంతట తనే నిండుతుంది. ఆటోమేటిక్ ఒప్పుకోని మొండి మెషిన్లకి మాత్రం చేత్తో రాయి.

ఇంకొకటి, ఇది కడపలో నేర్చుకున్నా. మే నెల, సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీలు ముసలివి. స్విచ్‌లు ఆగి మళ్లీ లేచాయి. లేచాక రిజిస్టర్ ఖాళీ. అది మెమరీలోనే ఉంటుంది మరి, మనం చెప్పకపోతే ఎక్కడా దాచదు. స్విచ్ పోయి వచ్చినా వెనకాల చిన్న స్విచ్‌కి తగిలించిన కంప్యూటర్లకి తమ లింక్ తెగినట్టే తెలియదు, కాబట్టి కొత్తగా ఐపీ అడగవు. వాచ్‌మెన్ మాత్రం డ్యూటీ మీద ఉన్నాడు. రాత్రి ఎనిమిదింటికి బండి వేసుకుని వెళ్లా.

ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ డేటాబేస్ ఫ్లాష్

అని ఇచ్చి పక్కన ఫైలు పేరు పెట్టు. మార్పులు వచ్చాక కొంతసేపు ఆగి రాస్తుంది, డిఫాల్ట్ 300 సెకన్లు. ఫ్లాష్‌కి (స్విచ్ లోపలి స్టోరేజి) బదులు టీఎఫ్‌టీపీ సర్వర్‌కి (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచేది) రాయించినా మంచిదే. గడియారం కూడా సరిగ్గా ఉండాలి, లీజు ఎప్పుడు అయిపోతుందో లెక్క దానిమీదే. ఎన్‌టీపీ (నెట్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి) పెట్టు. ఎన్‌టీపీ పెట్టి అది సర్వర్‌తో కలవకపోతే సిస్కో ఆ ఫైలే రాయదు, అదొకటి గుర్తుపెట్టుకో.

ఇప్పుడు ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్. మళ్లీ ముందు అప్‌లింక్ మీద ఐపీ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ ట్రస్ట్, తర్వాత గ్లోబల్‌గా ఐపీ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ వీల్యాన్ 20. స్నూపింగ్ ట్రస్ట్, ఏఆర్‌పీ ట్రస్ట్ రెండూ వేరువేరు. ఒకటి ఇచ్చి రెండోది ఉందనుకోవద్దు. ఇవ్వకపోతే గేట్‌వే ఏఆర్‌పీ జవాబే పారేస్తుంది, ఎందుకంటే గేట్‌వే పేరు రిజిస్టర్‌లో ఉండదు.

చేసే ముందు రీలోడ్ ఇన్ 15 అని కొట్టు. సేవ్ చెయ్యకు. స్విచ్‌లోంచి నువ్వే బయట పడిపోయినా పదిహేను నిమిషాల్లో పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టి సేవ్ చేసుకో. పొద్దున పదకొండింటికి కాదు, ఆదివారం పొద్దున్నే ఉగ్గాని తిని మొదలుపెట్టు.

ఇక్కడ ఒక చిక్కుంది. నమ్మకం లేని పోర్టు మీద సెకనుకి 15 ఏఆర్‌పీలు దాటితే సిస్కో ఆ పోర్టునే మూసేస్తుంది, ఎర్ర్-డిసేబుల్ అంటారు. ఒక్క పీసీకి 15 చాలు. కానీ నెట్‌లో ఏమున్నాయో వెతికే యాప్ ఎవడైనా నడిపితే దాటేస్తుంది. వైఫై యాక్సెస్ పాయింట్ ఉన్న పోర్టు మీద అయితే వెనకాల నలభై ఫోన్లుంటాయి, పొద్దున అందరూ ఒకేసారి క్లాసుకి రాగానే పోర్టు మూసుకుంటుంది. పీసీ పోర్టులకి 30, యాక్సెస్ పాయింట్ పోర్టులకి 100 నేను పెడతా, ఐపీ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ లిమిట్ రేట్ అని. ఎర్ర్‌డిసేబుల్ రికవరీ కాజ్ ఏఆర్‌పీ-ఇన్‌స్పెక్షన్ కూడా పెట్టు, 300 సెకన్లకి తనే తెరుచుకుంటుంది. లేకపోతే ప్రతిసారీ నువ్వే వెళ్లి తెరవాలి. ఎవరు పారేయబడుతున్నారో షో ఐపీ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ స్టాటిస్టిక్స్‌లో తెలుస్తుంది, లాగ్‌లో ఏ పోర్టు, ఏ మ్యాక్ అని కూడా పడుతుంది. గేట్‌వే నేనే అన్నవాడు అక్కడే దొరుకుతాడు.

ఐపీ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ వాలిడేట్ అని ఇంకో అదనపు పరీక్ష ఉంటుంది. సోర్స్ మ్యాక్ ఒక్కటీ పెట్టుకో. ఐపీ కూడా పెడితే, కొత్త మెషిన్ "ఈ అడ్రస్ ఎవరైనా వాడుతున్నారా" అని 0.0.0.0 నుంచి అడిగే మామూలు ప్రశ్నని కూడా పారేస్తుంది. అవసరమైతే అలో జీరోస్ అని పక్కన కలుపుకోవాలి.

రెండో వాచ్‌మెన్ ఐపీ సోర్స్ గార్డ్. పీసీ ఉన్న పోర్టు మీద ఐపీ వెరిఫై సోర్స్ అని కొడితే, రిజిస్టర్‌లో ఆ పోర్టుకి రాసిన ఐపీ తప్ప ఇంకే ఐపీతోనూ ప్యాకెట్ లోపలికి రాదు. ల్యాబ్‌లో ఒకడు చేత్తో వేరే ఐపీ పెట్టుకుంటే వాడి నెట్టే పోతుంది, పక్కవాడికి ఏమీ కాదు. నాకు ఈ ఫీచర్ అందుకే ఇష్టం, తప్పు చేసినవాడే ఆగిపోతాడు. అప్‌లింక్ మీద, యాక్సెస్ పాయింట్ పోర్టుల మీద మాత్రం పెట్టకు. స్విచ్ హార్డ్‌వేర్‌లో ఒక్కో అడ్రస్‌కి చోటు కావాలి, ఒకే పోర్టు మీద పదుల కొద్దీ అడ్రస్‌లు చిన్న స్విచ్‌లు మోయలేవు.

అయినా నీ పరీక్ష సర్వర్ సంగతికి ఇవేవీ మొదటి మందు కాదు. అసలు ఆ సర్వర్ పిల్లల ల్యాబ్ వీల్యాన్‌లో ఎందుకుంది? దాన్ని వేరే వీల్యాన్‌లోకి మార్చు. అప్పుడు ల్యాబ్‌లో కూర్చుని ఆ ఐపీ పెట్టుకున్నా మిగతావాళ్ల ట్రాఫిక్ గేట్‌వే దాటి సర్వర్ దగ్గరికే పోతుంది, వాడి దగ్గరికి రాదు. అరగంట పని.

పోర్ట్ సెక్యూరిటీ (ఒక పోర్టు మీద ఎన్ని మ్యాక్‌లు ఉండొచ్చో కట్టడి చేసేది) గురించి కూడా అడిగావు. సిస్కోలో ఆన్ చేసి వదిలేస్తే ఒక్క మ్యాక్, తప్పు జరిగితే పోర్టు మూత. హాస్టల్లో అలా పెడితే నీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మ్యాగ్జిమం 3 పెట్టు, వయొలేషన్ రిస్ట్రిక్ట్ పెట్టు. అదనపు మ్యాక్‌ని పారేస్తుంది, లాగ్‌లో రాస్తుంది, పోర్టు మూయదు. స్టిక్కీ (చూసిన మ్యాక్‌ని ఆ పోర్టుకి కాన్ఫిగరేషన్‌లో అంటించేసేది) వద్దు, ల్యాప్‌టాప్ మార్చుకున్న ప్రతివాడూ నీ దగ్గరికొస్తాడు. వేల కొద్దీ దొంగ మ్యాక్‌లతో స్విచ్ మ్యాక్ పట్టికని నింపేసే దాడికి ఇది మందు, అంతవరకే. వైఫై పోర్టుల మీద దీన్ని ముట్టుకోకు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి దొంగ మ్యాక్ తామే తయారుచేసుకుని వాడుతున్నాయి, అది ఎవరి ప్రైవసీ కోసం వాళ్లు చేసుకునేది. మ్యాక్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అలాంటిదే అని అనుకోవచ్చు, దాన్ని బట్టి కంపెనీ పేరు వెతికి లాభం లేదు.

ఇప్పుడు ఈ ఏర్పాటు ఎక్కడ పనిచేయదో. ల్యాబ్ టేబుల్ కింద ఎనిమిది పోర్టుల చవక స్విచ్ ఉంటుంది చూడు, దుమ్ము పట్టి, టేపు చుట్టి. దానికి తగిలించిన ఎనిమిది పీసీలు తమలో తాము మాట్లాడుకునేది నీ పెద్ద స్విచ్ దాకా రాదు. అక్కడ ఒకడు పక్కవాడికి "గేట్‌వే నేనే" అని చెప్తే నీ వాచ్‌మెన్‌కి వినపడదు. రాయలసీమలో నేను చూసిన ల్యాబుల్లో ఇది లేనిది తక్కువ. బడ్జెట్ లేదంటారు, నిజమే, కానీ ఆ చిన్న స్విచ్‌లు తీసేసి కేబుల్ లాగించడమే సగం భద్రత. వైఫైలోనూ ఇంతే, ఒకే యాక్సెస్ పాయింట్ కింద ఉన్న ఫోన్ల మధ్య మాటలు కేబుల్‌లోకి రావు. అక్కడ క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చెయ్యి. హాస్టల్ కేబుల్ పోర్టులకి అదే పనికి స్విచ్‌పోర్ట్ ప్రొటెక్టెడ్ ఉంది. ఒకే స్విచ్ మీద ఉన్న రెండు రూములు నేరుగా మాట్లాడుకోలేవు, పైకి మాత్రం వెళ్లగలవు. పిల్లలు రూముల మధ్య గేములు ఆడలేమని గొడవ చేస్తారు, సిద్ధంగా ఉండు.

ఐపీవీ6 మర్చిపోవద్దు. మీరు వాడట్లేదన్నా విండోస్‌లో అది ఆన్‌లోనే ఉంటుంది. ఎవడైనా "నేను ఐపీవీ6 రౌటర్‌ని" అని ప్రకటిస్తే మెషిన్లు నమ్ముతాయి, ఇంత కష్టపడి పెట్టిన ఏఆర్‌పీ కాపలా దానికి అడ్డురాదు, ఎందుకంటే ఐపీవీ6 లో ఏఆర్‌పీయే లేదు. పీసీ పోర్టుల మీద ఆర్‌ఏ గార్డ్ (ఇలాంటి రౌటర్ ప్రకటనల్ని ఆపేది) పెట్టు. మీ స్విచ్‌లో ఆ ఫీచర్ ఉందో లేదో మోడల్ బట్టి ఉంటుంది.

కాలేజీ నుంచి బయటికి పోయే దారిలో, ఫైర్‌వాల్ మీద, మీ ఐపీలు కాని సోర్స్‌తో వెళ్లే ప్యాకెట్లని కూడా ఆపు. 2000 లోనే ఆర్‌ఎఫ్‌సీ 2827 చెప్పిన సంగతి ఇది. మీ పిల్లోడి ల్యాప్‌టాప్‌లో దూరిన వైరస్ ఊరిమీద పడకుండా ఉంటుంది. ఒక్క రూలు.

సిస్కో కాకపోతే పేర్లు మారతాయి. హెచ్‌పీ, అరూబా పాత స్విచ్‌లలో డీహెచ్‌సీపీ-స్నూపింగ్, ఏఆర్‌పీ-ప్రొటెక్ట్ అంటారు, సోర్స్ గార్డ్‌కి ఐపీ సోర్స్-లాక్‌డౌన్. డీ-లింక్, టీపీ-లింక్ వాళ్లు ఐపీ మ్యాక్ పోర్ట్ బైండింగ్ అని మెనూలో పెడతారు. మైక్రోటిక్‌లో బ్రిడ్జ్‌కి డీహెచ్‌సీపీ స్నూపింగ్ టిక్ పెట్టి అప్‌లింక్‌ని ట్రస్టెడ్ చేయాలి. రౌటర్ మీద ఏఆర్‌పీని రిప్లై-ఓన్లీ చేసి లీజులకి ఏఆర్‌పీ కలపమంటే అక్కడా సగం పని జరుగుతుంది. అసలు మేనేజ్ చేయలేని స్విచ్ అయితే ఇవేవీ కుదరవు.

నీకు ఇప్పటికిప్పుడు కావాల్సింది ఒక బ్లాకులో స్నూపింగ్ మాత్రమే, ఆప్షన్ 82 తీసేసి, ఫ్లాష్‌లో దాచి. మిగతావి ఐదు రోజుల తర్వాత. ఆ రెండు పట్టికల తేడా ఎంత వచ్చిందో, మీ కోర్ స్విచ్ మోడల్ ఏంటో, డీహెచ్‌సీపీ రిలే అందులో ఉందో లేదో ఇక్కడే రాయి, ఏఆర్‌పీ వంతు అప్పుడు చూద్దాం. మ్యాక్‌లు, కాలేజీ ఐపీలు మాత్రం పూర్తిగా పెట్టకు, మధ్యలో అంకెలు కొట్టేసి పెట్టు.